కెయిర్న్ ఇండియా

కెయిర్న్ ఇండియా లిమిటెడ్ భారతదేశంలో ముడి చమురు, సహజవాయువుల అన్వేషణ, ఉత్పత్తి రంగాలలో పనిచేసిన ఒక ప్రైవేటు సంస్థ. స్కాట్లండు రాజధాని ఎడింబరో కేంద్రంగా గల కెయిర్న్ ఎనర్జీకి అనుబంధ సంస్థగా ఇది 2006లో ఏర్పడినది. కోనసీమ తీరాన ఉన్న రవ్వ క్షేత్రం, గుజరాత్ తీరంలోని లక్ష్మి, గౌరి క్షేత్రాలు, రాజస్థాన్‌లోని బార్మేర్ ప్రాంతపు మంగళ, భాగ్యం, ఐశ్వర్య క్షేత్రాలు దీని ముఖ్యమైన ఆస్తులు. ఉత్పత్తి ఉచ్చస్థితిలో ఉన్న కాలంలో దేశీయ ముడి చమురులో ఐదవ వంతుకు పైగా ఈ సంస్థ నిర్వహించే క్షేత్రాల నుండే వచ్చేది. 2011 డిసెంబరులో ఈ సంస్థ యాజమాన్యం అనిల్ అగర్వాల్‌కు చెందిన వేదాంత సమూహం చేతికి వెళ్ళినది. 2017 ఏప్రిల్ 11న వేదాంత లిమిటెడ్‌లో విలీనమై, కెయిర్న్ ఇండియా ప్రత్యేక సంస్థగా ఉనికి కోల్పోయినది.

ఈ సంస్థ చరిత్ర ఒక వ్యాపార సంస్థ ఎదుగుదల కథ మాత్రమే కాదు. భూగర్భంలోని సంపద ప్రజలది, అనగా ప్రభుత్వానిది. దానిని వెలికితీసే కంపెనీకి ఉండేది ఒక ఒప్పందం ద్వారా సంక్రమించిన హక్కు మాత్రమే. అటువంటి కంపెనీని ఒకరు అమ్మి మరొకరు కొనేటప్పుడు అసలు చేతులు మారేది ఏమిటి, అందులో ఎవరి వాటా ఎంత అనే ప్రశ్నలు ఈ కొనుగోలు సందర్భంలో దేశం ముందుకు వచ్చాయి.

మాతృసంస్థ

కెయిర్న్ అనే మాటకు స్కాట్లండు ప్రాంతంలో దారి గుర్తుగా, లేదా స్మారకంగా పేర్చిన రాళ్ళ కుప్ప అని అర్థం. కొండదారులలో బాటసారులకు ఇటువంటి కుప్పలే ఆనవాళ్ళు. కెయిర్న్ ఎనర్జీని స్థాపించిన బిల్ గామెల్ ఒకప్పుడు స్కాట్లండు జాతీయ రగ్బీ జట్టు తరఫున ఆడినవాడు. ఈ సంస్థ 1988లో లండన్ స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైనది. బహుళజాతి చమురు సంస్థలతో పోల్చినప్పుడు ఇది చాలా చిన్నది. పెద్ద సంస్థలు లాభసాటి కాదని వదిలివేసిన ప్రాంతాలలో ఓపికగా వెదకటం దీని పద్ధతి. 1990వ దశకంలో ఈ సంస్థ దృష్టి దక్షిణాసియా మీదికి మళ్ళినది. బంగ్లాదేశ్ తీరంలోని సాంగు వాయుక్షేత్రాన్ని కూడా ఇదే నిర్వహించినది.

నేపథ్యం: ఉత్పత్తి భాగస్వామ్య ఒప్పందాలు

భారతదేశంలో చమురు పరిశ్రమ అస్సాంలోని దిగ్బోయిలో 1889లో మొదలైనది. స్వాతంత్ర్యం తరువాత 1956లో ఏర్పడిన చమురు, సహజవాయువు సంఘం (ఓఎన్‌జీసీ) ఈ రంగంలో ప్రధానపాత్ర వహించినది. 1991లో విదేశీ మారకద్రవ్య సంక్షోభం ఏర్పడిన తరువాత, చమురు దిగుమతుల భారం తగ్గించుకొనుటకు ప్రభుత్వం ప్రైవేటు, విదేశీ సంస్థలను విస్తృతంగా ఆహ్వానించినది. ఓఎన్‌జీసీ అప్పటికే కనుగొన్న కొన్ని క్షేత్రాలను, ఇంకా అన్వేషించవలసిన కొన్ని ప్రాంతాలను ఈ సంస్థలకు ఇవ్వజూపినది.

ఇందుకు ఎంచుకున్న విధానమే ఉత్పత్తి భాగస్వామ్య ఒప్పందం. దీని ప్రకారం కంపెనీ తన సొంత ఖర్చుతో అన్వేషిస్తుంది. ఏమీ దొరకకపోతే నష్టమంతా కంపెనీదే. చమురు దొరికితే, అమ్మకం ద్వారా వచ్చిన రాబడి నుండి ముందుగా కంపెనీ తాను పెట్టిన ఖర్చును రాబట్టుకుంటుంది. దీనిని వ్యయ చమురు అంటారు. మిగిలినది లాభ చమురు. దానిని ఒప్పందంలోని నిష్పత్తి ప్రకారం ప్రభుత్వం, కంపెనీ పంచుకుంటాయి. ఇవి కాక రాయల్టీ, సెస్సు అనే చెల్లింపులు వేరుగా ఉంటాయి. మన పల్లెలలోని కౌలు పద్ధతితో దీనికి కొంత పోలిక ఉన్నది. భూమి యజమానిది, సాగు కౌలుదారుది. ఏ ఖర్చు ముందుగా తీసివేయాలి, మిగిలినది ఎట్లా పంచాలి అన్నదే ఎప్పుడూ తగవుకు మూలం.

రవ్వ క్షేత్రం

కెయిర్న్ సంస్థ భారతదేశ ప్రస్థానం ఆంధ్రప్రదేశ్ తీరంలోనే ఆరంభమైనది. కృష్ణా-గోదావరి బేసిన్‌లో, కోనసీమకు ఎదురుగా బంగాళాఖాతంలో లోతు తక్కువగా ఉన్న చోట ఓఎన్‌జీసీ 1987లో రవ్వ క్షేత్రాన్ని కనుగొన్నది. 1993లో స్వల్పస్థాయిలో ఉత్పత్తి మొదలైనది. 1994 అక్టోబరు 28న ఈ క్షేత్రానికి 25 సంవత్సరాల ఉత్పత్తి భాగస్వామ్య ఒప్పందం కుదిరినది. అందులో ఓఎన్‌జీసీకి 40 శాతం, వీడియోకాన్‌కు 25 శాతం, ఆస్ట్రేలియాకు చెందిన కమాండ్ పెట్రోలియంకు 22.5 శాతం, రవ్వ ఆయిల్ (సింగపూర్) సంస్థకు 12.5 శాతం వాటాలు ఉన్నాయి. క్షేత్ర నిర్వహణ బాధ్యత కమాండ్ సంస్థది.

1996లో కెయిర్న్ ఎనర్జీ ఈ కమాండ్ పెట్రోలియంను కొనుగోలు చేయటంతో రవ్వ నిర్వహణ దాని చేతికి వచ్చినది. అంటే కెయిర్న్ మన దేశంలోకి ప్రవేశించినదే ఒక కొనుగోలు ద్వారా. తొలినాళ్ళలో రోజుకు నాలుగు వేల బ్యారెళ్ళ లోపు ఉన్న రవ్వ ఉత్పత్తి, కొత్త బావులు, వేదికల నిర్మాణం తరువాత 50,000 బ్యారెళ్ళ స్థాయికి చేరి, చాలా సంవత్సరాలు ఆ స్థాయిలోనే నిలిచినది (ఒక బ్యారెల్ సుమారు 159 లీటర్లు). సముద్రంలోని బావుల నుండి వచ్చే చమురు, వాయువులను గొట్టాల ద్వారా ఉప్పలగుప్తం మండలంలోని సూరసాని యానాం (ఎస్.యానాం) వద్ద గల కేంద్రానికి తెచ్చి శుద్ధిపరుస్తారు. ఈ గ్రామం పూర్వం తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. 2022లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణ తరువాత డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ కోనసీమ జిల్లాలో చేరినది.

రవ్వ ఒప్పందం కూడా తగవులకు అతీతం కాలేదు. క్షేత్రాభివృద్ధికి అయిన ఖర్చులో ఎంత మొత్తాన్ని కంపెనీలు రాబట్టుకోవచ్చు అనే విషయంపై ప్రభుత్వానికి, ప్రైవేటు భాగస్వాములకు మధ్య ఏర్పడిన వివాదం మధ్యవర్తిత్వానికి వెళ్ళినది. 2011లో కంపెనీలకు అనుకూలంగా తీర్పు రాగా, దాని అమలును 2020 సెప్టెంబరులో భారత సుప్రీంకోర్టు సమర్థించినది. 2019లో ముగియవలసిన ఒప్పందం మరి పది సంవత్సరాలు పొడిగించబడినది.

ఆంధ్ర తీరంలోనే కెజి-డిడబ్ల్యుఎన్-98/2 అనే లోతు సముద్రపు బ్లాకు కూడా ఆదిలో కెయిర్న్‌కు లభించినది. 2005లో ఇందులో 90 శాతం వాటాను ఓఎన్‌జీసీ తీసుకున్నది. ఆ బ్లాకులో ఓఎన్‌జీసీ 2024 జనవరిలో తొలి చమురును వెలికితీసినది.

రాజస్థాన్: షెల్ వదలిన బ్లాకు

థార్ ఎడారిలోని బార్మేర్ ప్రాంతపు బ్లాకు పేరు ఆర్‌జె-ఓఎన్-90/1. దీనికి 1995 మే 15న ప్రభుత్వం, ఓఎన్‌జీసీ, ప్రపంచ ప్రఖ్యాత సంస్థ షెల్‌ల మధ్య ఒప్పందం జరిగినది. కొద్దికాలానికే కెయిర్న్ ఇందులో భాగస్వామిగా చేరి, క్రమంగా వాటా పెంచుకున్నది. తగిన ఫలితాలు కనబడకపోవటంతో షెల్ వైదొలగటానికి నిశ్చయించుకున్నది. 2002లో షెల్‌కు మిగిలిన 50 శాతం వాటాను కెయిర్న్ 72.5 లక్షల డాలర్లకు కొనుగోలు చేసినది. దీనితో బ్లాకులో నూరు శాతం హక్కు కెయిర్న్‌దైనది. తరువాత లభించిన నిక్షేపాలతో పోల్చినప్పుడు ఈ ధర నామమాత్రమే.

2004 జనవరిలో మంగళ క్షేత్రం బయటపడినది. గత రెండు దశాబ్దాలలో భారత భూభాగంపై కనుగొన్న చమురు నిక్షేపాలలో ఇదే అతి పెద్దదని ప్రకటించారు. అదే సంవత్సరంలో సమీపంలోనే ఐశ్వర్య, భాగ్యం క్షేత్రాలు కూడా లభించాయి. అంతకు ముందే సరస్వతి, రాగేశ్వరి క్షేత్రాలు లభించి ఉన్నాయి. మంగళ, భాగ్యం, ఐశ్వర్య క్షేత్రాలలో భూగర్భంలో ఉన్న మొత్తం చమురు 200 కోట్ల బ్యారెళ్ళకు పైగా ఉంటుందని అంచనా. అయితే భూగర్భంలో ఉన్నదంతా పైకి రాదు. రాళ్ళ రంధ్రాలలో ఇంకి ఉన్న చమురులో కొంత భాగాన్ని మాత్రమే తీయగలరు. ఈ ఆవిష్కరణతో కెయిర్న్ ఎనర్జీ షేరు ధర అనేక రెట్లు పెరిగి, లండన్‌లోని ఎఫ్‌టీఎస్‌ఈ 100 సూచీలో ఆ సంస్థకు స్థానం లభించినది.

షెల్ ఎందుకు కనుగొనలేకపోయింది అనే ప్రశ్న సహజంగా కలుగుతుంది. చమురు అన్వేషణలో భూకంప తరంగాల సర్వే ద్వారా భూగర్భ పొరల రూపం తెలుస్తుందే కాని, అక్కడ చమురు ఉన్నదో లేదో బావి తవ్వితేనే తెలుస్తుంది. ప్రపంచమంతటా పనులు గల ఒక పెద్ద సంస్థకు ఒక చిన్న బ్లాకులో మరికొన్ని బావులు తవ్వటం లాభసాటిగా తోచకపోవచ్చు. చిన్న సంస్థకు ఆ ఒక్క బ్లాకే సర్వస్వం. అందుచేత అది చివరిదాకా వెదుకుతుంది.

మైనపు చమురు, వేడి గొట్టం

దొరికిన చమురును తీయటం, తరలించటం మరొక సమస్య. మంగళ చమురులో మైనం పాలు చాలా ఎక్కువ. ఇది సుమారు 40 డిగ్రీల సెల్సియస్ వేడిలోనే గడ్డకట్టనారంభిస్తుంది. చలికాలంలో పేరిన కొబ్బరినూనెను చూసినవారు దీని స్వభావాన్ని ఊహించుకోవచ్చు. భూగర్భంలో ఉండే వేడికి అది ద్రవంగానే ఉంటుంది కాని, పైకి వచ్చి చల్లబడితే గొట్టంలోనే బిగుసుకుపోతుంది. కనుక బావిలోనికి పంపే నీటిని సైతం వేడిచేసి పంపవలసి వచ్చినది. ఎడారిలో మంచినీరు దుర్లభం కావున, తుంబ్లి ప్రాంతపు భూగర్భంలోని ఉప్పునీటిని ఇందుకు వాడారు.

చమురును సముద్రతీరానికి చేర్చుటకు మంగళ శుద్ధి కేంద్రం నుండి గుజరాత్‌లోని సలాయా మీదుగా భోగట్ వరకు సుమారు 670 కిలోమీటర్ల గొట్టపు మార్గాన్ని నిర్మించారు. పొడవునా వేడిచేయబడే ఇటువంటి గొట్టపు మార్గాలలో ప్రపంచంలో ఇదే అతి పొడవైనదిగా పేరుపొందినది. ఉక్కు గొట్టానికి ఆనుకొని ఒక సన్నని గొట్టం, అందులో విద్యుత్తు తీగ ఉంటాయి. విద్యుత్తు ప్రవహించినప్పుడు సన్నని గొట్టం వేడెక్కి, ఆ వేడి పెద్ద గొట్టానికి చేరుతుంది. వేడి బయటకు పోకుండా చుట్టూ నురగవంటి పదార్థంతో తొడుగు వేస్తారు. ఈ విధంగా చమురు సుమారు 65 డిగ్రీల వేడిలో నిలిచి ఉంటుంది. దారి పొడవునా ఉన్న తాపన కేంద్రాలకు కావలసిన ఇంధనం కొరకు పక్కనే ఒక చిన్న వాయు గొట్టాన్ని కూడా వేశారు.

2009 ఆగస్టు 29న అప్పటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ మంగళ క్షేత్రంలో ఉత్పత్తిని ప్రారంభించారు. తొలిదశలో వేడి చల్లారని ట్యాంకరు లారీలలో చమురును తరలించారు. 2010లో సలాయా వరకు గొట్టపు మార్గం సిద్ధమైనది. ఆ సంవత్సరంలోనే ఉత్పత్తి రోజుకు 1,25,000 బ్యారెళ్ళకు, 2012లో 1,75,000 బ్యారెళ్ళకు చేరినది.

కంపెనీ ఏర్పాటు, పబ్లిక్ ఇష్యూ

భారతదేశంలోని ఆస్తులన్నింటిని ఒకే గొడుగు కిందికి తేవటానికి 2006 ఆగస్టులో కెయిర్న్ ఇండియా లిమిటెడ్‌ను స్థాపించారు. దీని ప్రధాన కార్యాలయం గుర్‌గావ్‌లో ఉండేది. రాహుల్ ధీర్ ముఖ్య కార్యనిర్వహణాధికారిగా పనిచేశారు. 2006 డిసెంబరులో షేరు ఒక్కింటికి 160 రూపాయల ధరకు పబ్లిక్ ఇష్యూ జరిగినది. 2007 జనవరి 9న బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి, జాతీయ స్టాక్ ఎక్స్ఛేంజిలలో నమోదైనప్పుడు షేరు ధర ఇష్యూ ధర కంటె దిగువకు పడినది. ఉత్పత్తి మొదలవటానికి ఇంకా రెండున్నర సంవత్సరాలు ఉన్నది కదా! ఇష్యూ ద్వారా వచ్చిన ధనంలో అధికభాగం, ఆస్తులు బదిలీ చేసినందుకు ప్రతిఫలంగా మాతృసంస్థకే చేరినది. తరువాత పన్ను వివాదానికి మూలమైనది ఈ బదిలీయే. ఇష్యూ తరువాత కూడా కెయిర్న్ ఎనర్జీ అధికవాటా నిలుపుకొన్నది. మలేషియా ప్రభుత్వ సంస్థ పెట్రోనాస్ మరొక ముఖ్య వాటాదారు.

రాయల్టీ చిక్కు

1995 నాటి ఒప్పందంలో ఒక నిబంధన ఉన్నది. విదేశీ సంస్థలను ఆకర్షించుటకై ఆనాడు, చమురుపై రాయల్టీని అనుమతిపత్రం గల ప్రభుత్వరంగ సంస్థయే, అనగా ఓఎన్‌జీసీయే, చెల్లించవలెనని వ్రాసుకొన్నారు. అందుకు బదులుగా, చమురు దొరికితే అన్వేషణ ఖర్చుతో పనిలేకుండా 30 శాతం వాటా తీసుకొనే హక్కు ఓఎన్‌జీసీకి ఇచ్చారు. చమురు లభించిన పిమ్మట ఓఎన్‌జీసీ ఈ హక్కును వినియోగించుకొన్నది. దీనితో కెయిర్న్ వాటా 70 శాతమైనది. భూభాగంపై తీసే ముడి చమురుకు రాయల్టీ రేటు 20 శాతం.

ఇందులోని తేడాను ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. ఇతర ఖర్చులను, ప్రభుత్వ లాభ వాటాను లెక్కలోనికి తీసుకోకుండా, నూరు రూపాయల చమురు అమ్మినట్లు అనుకొందాము. ఓఎన్‌జీసీకి 30 రూపాయలు, కెయిర్న్‌కు 70 రూపాయలు వస్తాయి. కాని 20 రూపాయల రాయల్టీ మొత్తాన్ని ఓఎన్‌జీసీయే కట్టవలెను. దానికి మిగిలేది 10 రూపాయలు మాత్రమే. అట్లుకాక రాయల్టీని ఖర్చుగా ముందే తీసివేసినట్లయితే మిగిలిన 80 రూపాయలలో ఓఎన్‌జీసీకి 24, కెయిర్న్‌కు 56 దక్కుతాయి. ఒక వాక్యాన్ని ఎట్లా చదువుతామన్న దానిపై ఇంత వ్యత్యాసం ఆధారపడి ఉన్నది.

కెయిర్న్ వాదన ప్రకారం, సంతకం చేసిన ఒప్పందాన్ని గౌరవించవలెను. ఎవరూ రాని రోజులలో నష్టభయానికి సిద్ధపడి తాము వచ్చిన మాట మరువరాదు. ఓఎన్‌జీసీ వాదన ప్రకారం, తాను చెల్లించే రాయల్టీ కూడా క్షేత్రపు ఖర్చే కనుక దానిని రాబడి నుండి రాబట్టుకొనే వీలు ఉండవలెను. సెస్సు విషయంలో కూడా కెయిర్న్ తనకు బాధ్యత లేదంటూ, నిరసన తెలుపుతూనే చెల్లించి, మధ్యవర్తిత్వాన్ని ఆశ్రయించినది.

వేదాంత కొనుగోలు

2010 ఆగస్టు 16న వేదాంత రిసోర్సెస్ కెయిర్న్ ఇండియాలో అధికవాటాను 960 కోట్ల డాలర్ల వరకు వెచ్చించి కొనబోతున్నట్లు ప్రకటించినది. వేదాంత స్థాపకుడు అనిల్ అగర్వాల్ పాట్నాలో పుట్టి, ముంబైలో లోహపు తుక్కు వ్యాపారంతో జీవితం ప్రారంభించినవాడు. ప్రభుత్వ సంస్థలైన బాల్కోను 2001లో, హిందుస్తాన్ జింక్‌ను 2002లో పెట్టుబడుల ఉపసంహరణ ద్వారా పొందారు. 2007లో సేసా గోవాను కొన్నారు. లోహాలు, గనులలో ఆరితేరిన ఈ సమూహానికి చమురు రంగంలో అంతకుముందు అనుభవం లేదు.

అమ్మకపు ధర షేరుకు 405 రూపాయలు. ఇందులో 355 రూపాయలు షేరు వెల, 50 రూపాయలు పోటీ వ్యాపారం చేయనందుకు ఇచ్చే రుసుము. ఈ 50 రూపాయలు కెయిర్న్ ఎనర్జీకే గాని సాధారణ వాటాదారులకు వర్తించవు. ఒకే కంపెనీ షేరుకు పెద్దవారికి ఒక ధర, చిన్నవారికి మరొక ధరా అనే విమర్శ వచ్చినది. 2011 జూన్‌లో ఆ రుసుమును ఉపసంహరించుకొన్నారు.

అంతకంటె పెద్ద ప్రశ్న ప్రభుత్వ అనుమతి. ఇది లండన్ కంపెనీల మధ్య జరిగే షేర్ల అమ్మకం కనుక ప్రభుత్వ సమ్మతి అవసరం లేదని కెయిర్న్ తొలుత భావించినది. క్షేత్రాల నిర్వహణ చేతులు మారుతున్నది కనుక ఒప్పందాల ప్రకారం సమ్మతి తప్పనిసరి అని పెట్రోలియం మంత్రిత్వశాఖ పేర్కొన్నది. భాగస్వామిగా తనకు ముందుగా కొనే హక్కు ఉన్నదని ఓఎన్‌జీసీ వాదించినది. చివరకు కెయిర్న్ అనుమతి కోరినది. నెలల తరబడి చర్చలు జరిగాయి.

2011 జూన్ 30న కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల సంఘం షరతులతో కూడిన ఆమోదం తెలిపినది. వాటిలో ముఖ్యమైనవి రెండు. మొదటిది, రాయల్టీని రాబట్టుకొనదగిన ఖర్చుగా అంగీకరించవలెను. రెండవది, సెస్సుపై వేసిన మధ్యవర్తిత్వపు వ్యాజ్యాన్ని ఉపసంహరించుకోవలెను. ఈ షరతుల వలన కెయిర్న్ ఇండియా లాభం తగ్గుతుంది. అయినను పోస్టల్ బ్యాలట్ ద్వారా 2011 సెప్టెంబరులో వాటాదారులు వీటికి సమ్మతించారు. అమ్మేవారికి, కొనేవారికి ఒప్పందం పూర్తికావటం అవసరం. ఓటింగులో అధికబలం కూడా వారిదే.

ఈలోగా వాటాల సేకరణ దశలవారీగా సాగినది. 2011 ఏప్రిల్‌లో పెట్రోనాస్ నుండి 10.4 శాతం వాటాను షేరుకు 331 రూపాయల చొప్పున సేసా గోవా కొన్నది. ప్రజలకు ఇచ్చిన బహిరంగ ఆఫరు ద్వారా 8 శాతానికి పైగా లభించినది. కెయిర్న్ ఎనర్జీ జూలైలో 10 శాతం, డిసెంబరు 8న 30 శాతం అమ్మినది. దీనితో వేదాంత సమూహం వాటా 58.5 శాతానికి చేరినది. మొత్తం వ్యయం సుమారు 870 కోట్ల డాలర్లు.

అమ్మకం ద్వారా వచ్చిన ధనంలో పెద్ద భాగాన్ని కెయిర్న్ ఎనర్జీ తన వాటాదారులకు పంచినది. 2010, 2011 సంవత్సరాలలో గ్రీన్లాండ్ సముద్రంలో భారీ ఖర్చుతో అన్వేషించినది కాని, వాణిజ్యయోగ్యమైన నిక్షేపమేదీ దొరకలేదు.

కొనుగోలు తరువాత

కొనుగోలు తరువాత కొంతకాలం సంస్థ బాగుగానే నడిచినది. నగదు నిల్వలు పుష్కలంగా చేరాయి. మరొకవైపు వేదాంత సమూహానికి అప్పుల భారం ఎక్కువ. 2014 జూలైలో కెయిర్న్ ఇండియా తన నగదు నుండి 125 కోట్ల డాలర్లను వేదాంత సమూహ సంస్థకు అప్పుగా ఇచ్చిన విషయం వెల్లడి కాగానే షేరు ధర పడిపోయినది. చమురు బావుల కొరకు ఉద్దేశించిన ధనం యజమాని అవసరాలకు మళ్ళుతున్నదని చిన్న వాటాదారులు ఆందోళన చెందారు.

అదే సంవత్సరం అంతర్జాతీయ విపణిలో ముడి చమురు ధర పతనం ఆరంభమైనది. 2014 జూన్‌లో బ్యారెల్‌కు 100 డాలర్లకు పైగా ఉన్న ధర 2016 జనవరిలో 30 డాలర్లకు దిగువకు చేరినది. కెయిర్న్ ఇండియా తన ఆస్తుల విలువను తగ్గించి చూపవలసి వచ్చి భారీ నష్టాన్ని ప్రకటించినది. రాజస్థాన్ క్షేత్రాలలో ఉత్పత్తి కూడా తగ్గసాగినది. నీటిలో పాలిమర్ కలిపి చిక్కబరచి బావులలోనికి పంపి, మిగిలిన చమురును నెట్టుకొని వచ్చే పద్ధతిని మంగళ క్షేత్రంలో అమలుచేశారు.

2015 జూన్‌లో విలీన ప్రతిపాదన వచ్చినది. ఒక కెయిర్న్ షేరుకు ఒక వేదాంత షేరు, పది రూపాయల ముఖవిలువ గల ఒక ప్రిఫరెన్స్ షేరు ఇవ్వజూపారు. ఇది చాలదని చిన్న వాటాదారులలో అసంతృప్తి వ్యక్తమైనది. 2016 జూలైలో ప్రిఫరెన్స్ షేర్ల సంఖ్యను నాలుగుకు పెంచారు. వాటాదారుల ఆమోదం తరువాత 2017 ఏప్రిల్ 11న విలీనం అమలులోనికి వచ్చినది. అప్పటి నుండి కెయిర్న్ ఆయిల్ అండ్ గ్యాస్ పేరుతో వేదాంత లిమిటెడ్‌లో ఒక విభాగంగా ఈ పనులు సాగాయి. తన వ్యాపారాలను వేర్వేరు కంపెనీలుగా విడదీసే ప్రణాళికను వేదాంత 2023 సెప్టెంబరులో ప్రకటించినది. అందులో చమురు వ్యాపారం కూడా ఒకటి.

పన్ను వివాదం

2006లో భారత ఆస్తులను కెయిర్న్ ఇండియాకు బదిలీ చేసినప్పుడు, విదేశాలలో నమోదైన అనుబంధ సంస్థల షేర్లు చేతులు మారాయి. 2012 జనవరిలో వొడాఫోన్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు అటువంటి పరోక్ష బదిలీలపై పన్ను చెల్లదని తీర్పు చెప్పగా, అదే సంవత్సరం పార్లమెంటు పాత లావాదేవీలకు సైతం వర్తించేటట్లు ఆదాయపు పన్ను చట్టాన్ని సవరించినది. దీని ఆధారంగా 2014 జనవరిలో ఆదాయపు పన్ను శాఖ కెయిర్న్ ఎనర్జీకి నోటీసు ఇచ్చి, కెయిర్న్ ఇండియాలో దానికి మిగిలిన సుమారు పది శాతం వాటాను స్తంభింపజేసినది. 2015లో 10,247 కోట్ల రూపాయల పన్ను కట్టవలెనని ఆదేశించినది. బదిలీ సమయంలో పన్ను మినహాయించుకోలేదన్న కారణంపై కెయిర్న్ ఇండియాకు కూడా వడ్డీతో కలిపి 20,495 కోట్ల రూపాయల నోటీసు అందినది.

కెయిర్న్ ఎనర్జీ భారత్-బ్రిటన్ పెట్టుబడుల ఒడంబడిక కింద అంతర్జాతీయ మధ్యవర్తిత్వాన్ని ఆశ్రయించినది. 2020 డిసెంబరులో ద హేగ్‌లోని న్యాయమండలి భారతదేశం 120 కోట్ల డాలర్లు, వడ్డీ, ఖర్చులు చెల్లించవలెనని తీర్పు చెప్పినది. చెల్లింపు జరగకపోవటంతో ప్యారిస్‌లోని భారత ప్రభుత్వ ఆస్తులు కొన్నింటిని స్తంభింపజేసే ఉత్తర్వును ఫ్రాన్సు న్యాయస్థానం నుండి కెయిర్న్ పొందినట్లు 2021 జూలైలో వెల్లడైనది. ఆగస్టులో పార్లమెంటు పాత లావాదేవీలపై పన్నును రద్దు చేస్తూ చట్టం చేసినది. వ్యాజ్యాలను ఉపసంహరించుకొన్న పిమ్మట, 2022 ఫిబ్రవరిలో సుమారు 7,900 కోట్ల రూపాయలు ఆ సంస్థకు తిరిగి చెల్లించబడ్డాయి. అప్పటికే, 2021 డిసెంబరులో, అది తన పేరును కాప్రికార్న్ ఎనర్జీగా మార్చుకొన్నది.

ప్రాముఖ్యత

కెయిర్న్ ఇండియా భారత చమురు రంగంలో ప్రైవేటు అన్వేషణ ఫలించిన ముఖ్య ఉదాహరణలలో ఒకటి. ఒక పెద్ద సంస్థ వదలివేసిన ఎడారి బ్లాకు నుండి దేశానికి చమురు, రాజస్థాన్ రాష్ట్రానికి రాయల్టీ రాబడి లభించాయి. ఆ రాయల్టీ ఓఎన్‌జీసీ చేతుల మీదుగా చెల్లించబడినది. 2011 షరతు తరువాత దాని భారం భాగస్వాములందరిపై పడినది.

పైన చెప్పిన వివాదాలన్నింటిని కలిపి చూచినట్లయితే ఒక విషయం స్పష్టమవుతుంది. రవ్వ ఖర్చుల తగవు, రాయల్టీ, సెస్సు, 2006 నాటి పన్ను - ఇవన్నియు చమురు దొరకక వచ్చినవి కావు, దొరికిన తరువాత వచ్చినవి. ఎవరికీ నమ్మకం లేని రోజులలో వ్రాసుకొన్న నిబంధనలు, సంపద బయటపడిన తరువాత ఇరుపక్షాలకూ ఇరుకుగా తోచాయి. తరువాత కాలంలో ప్రభుత్వం ఖర్చుల లెక్కతో పనిలేకుండా నేరుగా రాబడినే పంచుకొనే ఒప్పంద విధానాన్ని 2016లో ప్రవేశపెట్టుటకు ఇటువంటి అనుభవాలు కారణమైనాయి.